విద్యుత్ వాహనాల గేరు నూనె: రాగి పరీక్ష చూడందే సరుకు ఎత్తరాదు

హైదరాబాద్ పాతబస్తీలో బ్యాటరీ ఆటోలు పెరిగే కొద్దీ ఇంజనాయిలుకు గిరాకీ మందగించక తప్పదు. వాటికి కావలసింది గేరు నూనె, గ్రీజు మాత్రమే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ చేయడం ఈ ధోరణికి ఊతమిచ్చింది. కనుక రాపిడి తగ్గించే అడిటివ్ కలిపిన నూనెలపై వ్యాపారస్తులు మొగ్గు చూపడం సహజమే. మెలిక అంతా పరీక్షలోనే ఉంది.

అమ్మకందార్లు సాధారణంగా చూపేది నాలుగు గుండ్ల పరీక్ష. 75 డిగ్రీల వేడి నూనెలో మూడు ఉక్కు గుండ్లపై నాలుగో గుండును నిమిషానికి 1200 చుట్ల చొప్పున గంటసేపు తిప్పి, పడిన అరుగుడు మచ్చను కొలుస్తారు. అది ఉక్కు సంగతి మాత్రమే చెబుతుంది. గంధకం గల కొన్ని అడిటివ్‌లు ఉక్కు పళ్లను కాపాడుతూనే వేడిలో రాగిని తినేస్తాయి. మోటారు, గేర్లు ఒకే నూనెలో తడిసే బండ్లలో ఆ రాగి మోటారు చుట్ట తీగే.

అందుచేత మెరుగుపెట్టిన రాగి రేకును వేడి నూనెలో ముంచి రంగు చూసే పరీక్ష, నూనె గుండా కరెంటు ఎంత పారుతుందో కొలిచే పరీక్ష తప్పనిసరి.

కంపెనీ పేరు చాలదా అని దళారులు అనవచ్చు. మలక్‌పేట గంజిలో తేమ చూడకుండా మిరపకు ఎవరూ ధర కట్టరు. మోటారు కాలితే ఖాతాదారు వచ్చేది కంపెనీకి కాదు, దుకాణానికే. బేగంబజారు, ఉస్మాన్‌గంజి వ్యాపారస్తులు బ్యాచి నంబరు గల పరీక్ష కాగితం చేతికందిన పిమ్మటే సరుకు ఎత్తడం శ్రేయస్కరం.