రెండుమైళ్ల రాష్ట్రరహదారి

అమెరికా సంయుక్తరాష్ట్రములలో కాన్సస్ రాష్ట్రమున గోవ్ జిల్లాయందు పార్కు అను చిన్న ఊరు గలదు. పేరునకు ఉద్యానవనమే గాని చుట్టును గోధుమచేలే. 2020 జనాభా లెక్కలనుబట్టి అందలి నివాసులు నూరుమందికి కొంచెము పైన. ఈ ఊరికిని 70వ నంబరు అంతర్రాష్ట్ర మహామార్గమునకును నడుమ సుమారు రెండుమైళ్ల బాట యొకటి యున్నది. అది 211వ నంబరు రాష్ట్రరహదారి. ఇంత స్వల్పమైన ఊరికి రాష్ట్రరహదారి యేల యని నవ్వెడివారు నవ్వవచ్చును. మేము నవ్వజాలము.

పూర్వము 40వ నంబరు మార్గము ఇట్టి ఊళ్లమీదుగనే పోయెడిది. 1956 జూన్ 29వ తేదీన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ చేవ్రాలు చేసిన శాసనముచే 41,000 మైళ్ల మహామార్గములు సంకల్పింపబడెను. వ్యయములో నూటికి తొంబదివంతులు కేంద్రప్రభుత్వముదే. మార్గమునకు అడ్డబాటలు తగులరాదు. నియమితస్థలములందే యెక్కవలెను, దిగవలెను. అందుచే చిన్న ఊళ్లు ప్రక్కకు పడిపోయినవి. ఈ పొట్టిబాటలే వానికి దక్కిన పరిహారము. కోతలనాటి ధాన్యమైనను, ఆసుపత్రికి పోవలసిన రోగియైనను మహామార్గమును చేరుట కిదియే దారి.

అయోవా రాష్ట్రము 2003లో 700 మైళ్లకు పైబడిన రాష్ట్రరహదారులను జిల్లాలకును పట్టణములకును అప్పగించినది. ఊరికి మాత్రమే పనికివచ్చు బాటను ఊరివారే చూచుకొనవలెనను వాదము వినుటకు న్యాయముగనే తోచును. కాని మహామార్గమును దూరముగా జరిపినవారు ఊరివారా? జనము తగ్గినచోట పన్ను తగ్గును. మంచును, లారీల బరువును తగ్గవు.

మన జాతీయ రహదారుల చట్టమును 1956లోనే పుట్టినది. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు 16వ నంబరు జాతీయ రహదారి మన పట్టణములు పెక్కింటిని తప్పించుకొని పోవుచున్నది. బైపాసు ముగిసినపిమ్మట ఊరిలోని పాతబాట సాధారణముగా జాతీయహోదాను కోల్పోయి రాష్ట్రముచేతికి వచ్చును. బైపాసునకు ప్రారంభోత్సవము, పూలదండలు, పాతబాటకు గుంతలు. అడుగబోయినవారికి రోడ్లు భవనముల శాఖ పురపాలకసంఘమును, పురపాలకసంఘము శాఖను చూపుట మన మెరుగని వింత గాదు.

కావున బైపాసు అంచనాలోనే ఊరిబాట పోషణవ్యయమును చేర్చి, దానికి బాధ్యు లెవ్వరో పని మొదలిడకమునుపే వ్రాతమూలకముగా ప్రకటింపవలెనని మేము ప్రభుత్వమువారిని కోరుచున్నాము.