గదిలో నేమి మిగులవలెను?

మా యత్తగారికి ఉబ్బసము. దుమ్ములోని కంటికగపడని పురుగులు పఱుపులలోను, తివాచీలలోను, తెరలలోను నివసించి, కొందఱికి ఆ వ్యాధిని రేపునని వైద్యులు చెప్పిరి. మేము గదిని ఖాళీచేసి, మంచమును, దీపమును మాత్రముంచి, దుప్పట్లను వారమున కొకసారి 60 సెంటిగ్రేడు డిగ్రీల వేడినీట నుతికితిమి. ఆయాసము తగ్గినది, కాని యామె రాత్రులు నిద్రింపక గోడవైపు చూచుచుండెడివారు. కారణమడుగగా, “ఇది నా గదివలె లేదమ్మాయీ” యనిరి.

మేము సిగ్గుపడితిమి. కీర్తిశేషులైన మామగారి పేముకుర్చీని, ఇత్తడి మరచెంబును తడిగుడ్డతో తుడిచి యథాస్థానమున నుంచితిమి. నాటిరాత్రి యామె సుఖముగా నిదురించిరి.

అనవసరమైన సామానును తప్పక తీయుడు. తీయుటకు ముందు ఆ గదిలో నుండువారి నొక్కమాట యడుగుడు.