బేగంపేటలో యంత్రాలున్నాయి, బస్తీ ఆడపడుచుకు దారేది?

బేగంపేట నుండి పంజాగుట్ట, అమీర్‌పేటల వరకు వెళ్లి చూడండి: దారి పొడవునా స్కానింగ్ కేంద్రాలు, కార్పొరేట్ ఆసుపత్రులు. పంజాగుట్టలోనే ప్రభుత్వ నిమ్స్ కూడా ఉన్నది. అదే బేగంపేటలోని రసూల్‌పురా బస్తీలో రొమ్ములో గడ్డ తగిలిన ఇల్లాలు మొదట ఎవరి తలుపు తట్టాలి? ఈ ప్రశ్నకు ప్రభుత్వం జవాబు చెప్పవలసి ఉన్నది.

“ముస్లిం స్త్రీలు పరదా వల్ల పరీక్షకు రారు” అనే మాట తరచు వినబడుతుంది. ఈ సాకును మేము అంగీకరించము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30-49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతమే. ఆ లెక్కలో అన్ని మతాల వారూ ఉన్నారు. తక్కిన తొంభై తొమ్మిది మందినీ ఏ పరదా ఆపింది?

మామోగ్రఫీ అంటే రొమ్ముకు తీసే ప్రత్యేక ఎక్స్‌రే. చేతికి తగలని గడ్డను సైతం అది చూపగలదు. స్వీడన్‌లో 1977లో మొదలైన అధ్యయనంలో, ఈ పరీక్షకు పిలుపు అందుకున్న స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. అయితే పిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది. ఎక్స్‌రేలో అదీ తెల్లగానే, గడ్డా తెల్లగానే కనిపిస్తాయి. మన దేశంలో ఈ వ్యాధి పాశ్చాత్య దేశాలకన్నా సుమారు పదేళ్లు ముందుగానే వస్తున్నది. కనుక అల్ట్రాసౌండ్ తోడు కావాలి. వంశపారంపర్యంగా ముప్పు అధికంగా ఉన్నవారికి ఎం.ఆర్.ఐ. కావాలి.

యంత్రం లేదని చేతులు ముడుచుకోనక్కరలేదు. ముంబయి టాటా స్మారక ఆసుపత్రి 1998లో లక్షన్నర మంది స్త్రీలతో ఒక అధ్యయనం ఆరంభించింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో పరీక్షించారు. వ్యాధి ముందు దశలోనే బయటపడింది. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం 50 ఏళ్లు దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవారిలో ఆ మేలు కనబడలేదు. 30-65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకోసారి ఇటువంటి పరీక్ష జరగాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. కాగితం మీది మాట బస్తీకి ఎప్పుడు చేరుతుంది?

మేము అడుగుతున్నది దయ కాదు, హక్కు. ప్రతి బస్తీ దవాఖానాలో శిక్షణ పొందిన మహిళ చేత రొమ్ము పరీక్ష జరగాలి. మామోగ్రఫీ, అల్ట్రాసౌండ్ గదులలో మహిళా సిబ్బంది, చాటు ఉండాలి. వివరాలు ఉర్దూలోనూ, తెలుగులోనూ చెప్పాలి. గడ్డతో వచ్చిన స్త్రీకి 60 రోజులలోగా వ్యాధి నిర్ధారణ పూర్తి కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం. బస్తీ దవాఖానా నుండి నిమ్స్‌కు, రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి పంపిన ప్రతి స్త్రీ విషయంలో ఆ గడువు పాటించాలి. మెహదీ నవాజ్ జంగ్ పేరు మోస్తున్న ఆ ఆసుపత్రి ఈ నగరంలోని పేదలందరిదీ.

మన ఇంటి బాధ్యతా ఉన్నది. ప్రాణరక్షణ షరీఅత్ లక్ష్యాలలో ఒకటి. చికిత్సకు అవసరమైనంత మేర వైద్యునికి శరీరం చూపడం తప్పు కాదు. ఈ మాట మస్జిద్ కమిటీలు బహిరంగంగా చెప్పాలి. అమ్మీలు, ఆపాలు, ఖాలాలు సిగ్గుతో దాచుకునే గడ్డ మౌనంగానే పెరుగుతుంది. ఆమెను పరీక్షకు తోడ్కొని పోవడం ఇంటి మగవారి విధి. ఆమె వెళ్లేసరికి తలుపు తెరిచి ఉంచడం ప్రభుత్వ విధి.