మలికిభరాముడి మనుమరాలి ఊరు



విజయవాడ నుంచి హైదరాబాదుకు బస్సెక్కిన మనవాళ్లందరికీ హయత్‌నగర్ తెలుసు. దిగాల్సిన చోటు దగ్గరపడిందని సామాన్లు సర్దుకునేది అక్కడే. ఆ ఊరి పేరులోని హయత్ బక్షీ బేగం ఎవరి ఇంటి ఆడపడుచో తెలిస్తే, ఈసారి అక్కడ కిటికీలోంచి తప్పక తొంగిచూస్తారు.

ఆమె తాత గోలకొండ ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా (పాలన 1550–1580). తెలుగు కవులు ఆయన్ని ‘మలికిభరాముడు’ అని పిలుచుకుని తమవాణ్ణి చేసుకున్నారు. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నికంటి తెలగన తన ‘యయాతి చరిత్ర’ను ఆయన కొలువులోని పటాన్‌చెరు అమీన్‌ఖాన్‌కు అంకితం చేశాడు. తత్సమ పదాలను పక్కనపెట్టి నడిపిన తొలి అచ్చతెలుగు కావ్యం అది! బేగం తండ్రి మహమ్మద్ కులీ స్వయంగా దక్కనీ కవి. గోలకొండ పాదుషా ఎదుట పదాలు చెప్పిన సంగతిని క్షేత్రయ్య తన పదంలోనే చెప్పుకున్నాడు. ఆ పాదుషా బేగం కొడుకు అబ్దుల్లా అని సాహిత్య చరిత్రకారుల మాట.

పారశీకం ఏలిన కొలువుల్లో తెలుగుకు పీట వేశారు. మన తెలుగు కూడా జవాబు, ఖరీదు, తయారు, రోజు వంటి మాటలను ఇంట్లోకి పిలుచుకుని తనవి చేసుకుంది. దానివల్ల చిక్కిపోలేదు, పుష్టిగా పెరిగింది.

నేటికీ హయత్‌నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా తెలుగు యాసల సందడి వినిపిస్తుంది. ‘ఇగొస్తున్న’ అని ఒకరంటే ‘ఇదిగో వస్తున్నా’ అని ఇంకొకరు. ఒకరి సోరకాయ మరొకరికి ఆనపకాయ. కూర రుచిలో తేడా లేదు, పిలుపులోనే రెండు రుచులు.

మన ఇళ్లలో మాత్రం ఒక బెంగ ఉంది. పిల్లల తెలుగులో ఇంగ్లిషు కలుస్తోందని, పలుకు సరిగా లేదని. తప్పులు పట్టేచోట పిల్లలు నోరు విప్పరు. విని మురిసిపోయేచోట ఆపమన్నా ఆపరు. నాయనమ్మది ఒక యాస, అమ్మమ్మది ఒక యాస అయిన ఇల్లు పిల్లలకు దొరికిన భాగ్యం. రెండూ వాళ్ల చెవిన పడనివ్వండి. ఏది అసలైన తెలుగన్న పంచాయితీ వాళ్ల ముందు పెట్టకండి.

వచ్చే సంచిక నుంచి ‘మా ఇంటి మాట’ శీర్షిక ప్రారంభిస్తున్నాం. మీ పెద్దల నోట విన్న సామెత, పొడుపుకథ, ముద్దుతిట్టు ఏదైనా పిల్లల చేతే రాయించి పంపండి. ఏ యాసలో పంపితే ఆ యాసలోనే, అక్షరం దిద్దకుండా అచ్చువేస్తాం.

– సంపాదకవర్గం