సంతకం పెట్టకు తమ్ముడూ!

మా పేట కుర్రాడు ఓ ఫైనాన్స్ కంపెనీలో ఆరేళ్లు వాయిదాలు వసూలు చేశాడు. పోయిన నెల మేనేజరు తెల్లకాగితం ముందుపెట్టి, "నీ అంతట నువ్వే మానేస్తున్నానని రాయి, మంచి సర్టిఫికెట్ ఇస్తాం" అన్నాడట. అతని తర్వాత రెండేళ్లకు అదే పనిలో చేరిన మేనేజరు బంధువు మాత్రం సీట్లోనే ఉన్నాడు. ఉద్యోగాలు తగ్గించేటప్పుడు మామూలుగా చివర చేరినవాణ్ణే ముందు తియ్యాలి. ఇది చట్టం, నా కోపం కాదు.

ఆ సంతకం పెట్టాడో, నెల నోటీసూ పోతుంది, ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన వచ్చే పరిహారమూ పోతుంది. అందుకే గదా అంత తియ్యటి మాట!

"నువ్వు ఆఫీసరువి, కార్మిక చట్టం నీకు వర్తించదు" అని ఇంకో బెదిరింపు. ఎండలో గడపగడపకీ తిరిగేవాడు ఆఫీసరా? కోర్టు చూసేది హోదా పేరు కాదు, చేసే పని.

కోర్టుకెక్కితే ఇంకెవడూ ఉద్యోగమివ్వడని మన పెద్దలంటున్నారు. ఆ భయం ఉత్తదని నేననను. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేనే, కాగితం చూస్తే నాకూ చాన్నాళ్లు వణుకే. కానీ తలొంచినవాణ్ణి మాత్రం ఎవడు పిలిచి ఇస్తున్నాడు? ప్రైవేటులో మనకు రిజర్వేషనే లేదాయె.

లాయరు ఫీజంటారా? 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరునివ్వాలి. 1942 నుంచి 1946 దాకా కార్మిక శాఖ చూసింది బాబాసాహెబే. మనమేమో ఏప్రిల్ 14న దండేసి ఇంటికొచ్చేస్తాం.

నిన్న అతని భార్య అడిగింది: "కేసు నడిచినన్నాళ్లూ తినేదెట్లా మాస్టారూ?" నాకు నోరు పెగల్లేదు. ఆదివారం ఇంటికి 100 రూపాయలు అడగబోతున్నా. దండలకు ఎత్తాం గదా!