కింది అంతస్తు అనే వంక

రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న ఇచ్చిన తీర్పు కేంద్రానికి చెంపపెట్టు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తప్పనిసరి చేసిన, భవనాల్లోకి ఇబ్బంది లేకుండా వెళ్లిరాగల ఏర్పాట్లను 2017 నియమావళిలోని 15వ నియమం వట్టి సలహాగా మార్చేసిందని, అది చెల్లదని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. కచ్చితంగా పాటించాల్సిన ప్రమాణాలు రాయడానికి మూడు నెలల గడువు పెట్టింది. ఈ తీర్పు మన ముసలివాళ్లకూ ముఖ్యమే. దివ్యాంగుల చట్టంతో వాళ్లకేం సంబంధం అంటారా? ఆ నియమం మొదట ఆధారం చేసుకున్న 2016 నాటి మార్గదర్శకాల పేరులోనే వృద్ధులున్నారు.

సలహాలు ఎంతవరకు అమలవుతాయో చూడాలంటే ఢిల్లీ వెళ్లక్కర్లేదు. విజయవాడ గవర్నర్‌పేటలో ఏలూరు రోడ్డుకీ బందరు రోడ్డుకీ మధ్య సందుల్లో తలెత్తి చూస్తే చాలు. కింద దుకాణం షట్టరు, పక్కన ఇరుకు మెట్లు, పైన రెండు మూడు వాటాలు. పొద్దున్నే పిట్టగోడ మీంచి తాడు కట్టిన బుట్ట దిగుతుంది. పాల ప్యాకెట్, కూరలు వేసుకుని పైకి పోతుంది. ఆ బుట్ట దింపే పెద్దావిడ తాను దిగి ఎన్నాళ్లయిందో ఎవరూ అడగరు. ఒంట్లో బాగోకపోతే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురూ మోసుకురావాలి. కన్నకొడుకు గెంటేస్తే 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో దగ్గరికి వెళ్లొచ్చు. గడప దాటనివ్వని మెట్ల మీద ఫిర్యాదు ఎవరికి?

అవి పాతవి, ప్రైవేటువి అనుకుందాం. సర్కారు కట్టిన ఇళ్ల మాటేమిటి? కాలువ గట్ల మీది పేదలను నగర శివారులోని జక్కంపూడి తీసుకెళ్లి జీ ప్లస్ త్రీ బ్లాకుల్లో పెట్టారు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన ఇళ్లదీ అదే అచ్చు. లిఫ్టు ఊసే లేదు. అదేమని అడిగితే ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: వృద్ధులకు కింది అంతస్తులో ప్రాధాన్యం ఇస్తున్నాం కదా! ప్రధానమంత్రి ఆవాస్ యోజన మార్గదర్శకాల్లోనూ ఈ మాట ఉంది. ఈ వ్యవహారం మొత్తంలో ఇంతకు మించిన మాయమాట లేదు.

అవే మార్గదర్శకాలు కుటుంబమంటే ఎవరో కూడా చెప్పాయి: భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. అంతే. తల్లిదండ్రులు లేరు, అత్తమామలు లేరు. కోడలి పేరున ఇల్లు మంజూరవుతుంది, లాటరీలో మూడో అంతస్తు తగులుతుంది. డెబ్బై దాటిన అత్తగారు కాగితాల్లో లేని మనిషి. లేని మనిషికి ప్రాధాన్యం ఎలా ఇస్తారు? వృద్ధులు ముందు వరసలో ఉండాలని ఒక పేజీలో రాసి, ఇంకో పేజీలో వాళ్లను కుటుంబంలోంచే తీసేశారు. రాసినవారి ఇళ్లలో పెద్దవాళ్లు లేరు కాబోలు.

పోనీ, ముసలాయనే దరఖాస్తుదారు అనుకుందాం. నాలుగంతస్తుల బ్లాకులో కింది ఇళ్లు నాలుగో వంతు. దివ్యాంగులూ అందులోనే సర్దుకోవాలి. అవి నిండిపోతే? ప్రాధాన్యమన్నది వీలైతే ఇవ్వమనే గానీ ఇచ్చి తీరమని కాదు. అన్నిటికన్నా దారుణం, ఈ లెక్కలో మనిషి వయసు లాటరీ రోజునే ఆగిపోతుంది. 45 ఏళ్లకు మూడో అంతస్తు దక్కిన కూలీకి మరో 20 ఏళ్లకు 65 వస్తాయి. సిమెంటు బస్తాలు మోసిన మోకాళ్లు అప్పటికి ఏ స్థితిలో ఉంటాయి? ఆయన కోసం కింది ఇల్లు ఎవరు ఖాళీ చేస్తారు? పైగా గ్రౌండ్ ఫ్లోర్ అన్నంత మాత్రాన గడపలు, అరుగు మెట్లు, చక్రాల కుర్చీ పట్టని బాత్రూం తలుపులు ఎక్కడికీ పోవు.

లిఫ్టు పెడితే కరెంటు బిల్లు, మరమ్మతులు ఎవరు భరించాలన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు వెతకాల్సింది ప్రభుత్వం, మెట్లెక్కలేని అవ్వ కాదు.

నిబంధనలు పాటించని సంస్థకు ప్లాను మంజూరు చేయకూడదని, కట్టాక పూర్తయినట్టు ధ్రువపత్రం ఇవ్వకూడదని దివ్యాంగుల హక్కుల చట్టంలోని 44వ సెక్షన్ చెబుతోంది. టిడ్కో సర్కారు సంస్థే. కేంద్రం వైపు చూస్తూ చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. సగంలో ఆగిన బ్లాకుల్లో లిఫ్టుకు ఇప్పుడే చోటు తీయాలి. వాటా దక్కి ఎన్నేళ్లయినా సరే, పెద్దవాళ్లున్న పై ఇంటివారు అడిగితే కింది ఇంటితో మార్చుకునే వీలు కల్పిస్తూ పురపాలక శాఖ జీవో ఇవ్వాలి. కలిసి ఉంటున్న తల్లిదండ్రులను కుటుంబంలో చేర్చమని రాష్ట్రం కేంద్రానికి రాయాలి. రాష్ట్రాన్ని ఏలుతూ కేంద్ర సర్కారులోనూ భాగస్వామి అయిన తెలుగుదేశానికి ఆ మాట అడగడం పెద్ద పనేం కాదు.