విదేశపు మోటారుసైకిళ్లు: సుంకము వేఱు, చిక్కు వేఱు

విదేశములనుండి మోటారుసైకిళ్లను తెప్పించుకొనవలె నను కోరిక మన పట్టణములందును, పల్లెలలోని సంపన్న గృహములందును నానాట ప్రబలుచున్నది. అమెరికాలోను, ఐరోపాలోను, గల్ఫు దేశములలోను పనిచేయుచున్న తెలుగువారు అచ్చట తామెక్కి తిరిగిన యంత్రమునే స్వదేశమునకు గొనిరా గోరుటయు, తండ్రులు కుమారుల వేడుక తీర్చుటకై విదేశపు బండి ధర విచారించుటయు వింత గాదు. ఈ కోరికను పరిహసించుట మా యుద్దేశము గాదు. మంచి యంత్రమును జూచి ముచ్చటపడుట మానవ సహజము. కాని యీ వ్యవహారమున రెండు ప్రశ్నలు కలసిపోయి, ఒకదాని దోషము రెండవదానిపై మోపబడుచున్నది. విదేశపు బండిపై ప్రభుత్వము విధించు సుంకము న్యాయమా కాదా యనునది మొదటి ప్రశ్న. ఆ సుంకమును దమ్మిడీతో సహా చెల్లించిన గృహస్థుడు తన బండిని రోడ్డుమీదికి దెచ్చుకొనుటకు బడు చిక్కు న్యాయమా కాదా యనునది రెండవ ప్రశ్న. మొదటిది న్యాయ మనియు, రెండవది అన్యాయ మనియు మా యభిప్రాయము.

ముందుగా లెక్కను జూతము. ఓడ కిరాయితోను, బీమాతోను గలసి పది లక్షల రూపాయల విలువగల క్రొత్త మోటారుసైకి లొకటి మన రేవునకు వచ్చిన దనుకొందము. దాని ఇంజను 350 సి.సి.కి మించి 1,600 సి.సి.కి లోబడి యున్నచో, 2025 ఫిబ్రవరి బడ్జెటున నిర్ణయించిన 40 శాతము చొప్పున దిగుమతి సుంకము నాలుగు లక్షలు. విలువయు సుంకమును గలసిన పదునాలుగు లక్షలమీద, 2025 సెప్టెంబరు 22వ తేది నుండి యమలులోనికి వచ్చిన 40 శాతపు జీఎస్టీ చొప్పున 5 లక్షల 60 వేలు. వెరసి 19 లక్షల 60 వేలు. రాష్ట్రమునకు జెల్లింపవలసిన జీవితపన్నును, ఇచ్చటి బీమాయు, ఏజెంటు రుసుమును దీనికి పైమాట. వాడిన బండి యైనచో సుంక మింతకంటె హెచ్చు. అనగా బండి ధర యెంతో, పన్నులును దాదాపు నంత యని పాఠకులు గ్రహింతురుగాక.

ఇది మిక్కిలి భారమే. ఐనను ఈ భారమెందుకని ప్రశ్నించువారికి మేము బుల్లెట్టు చరిత్రను జ్ఞప్తికి దెచ్చుచున్నాము. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థ బుల్లెట్టును 1932లో వెలువరించెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట సరిహద్దుల పహరాకై మన సైన్యము 350 సి.సి. బుల్లెట్లను ఎనిమిది వందలు కొనగోరెను. ఆ వ్యవహారము కొనుగోలుతోనే ముగిసియుండినచో, ఆ బండ్లు కొన్నాళ్లకు అరిగి తుక్కయి, వాని పేరైనను నేడు మనకు దెలిసియుండదు. కాని యట్లు జరుగలేదు. 1955లో మదరాసు మోటార్సువారు రెడిచ్ సంస్థతో గలసి ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించిరి. మొదట విడిభాగములు ఇంగ్లండునుండి వచ్చుచుండ, మదరాసు కుత్తరముననున్న తిరువొత్తియూరులో వానిని గూర్చుపని మాత్రమే జరిగెను. 1957లో ఆ భాగములను జేయు పనిముట్లే యిచ్చటికి వచ్చెను. 1962 నాటికి బండిలోని భాగములన్నియు నిచ్చటనే తయారగుచుండెను. 1967లో రెడిచ్ కర్మాగారము మూతపడినది. 1977లో తిరువొత్తియూరు బుల్లెట్టు ఓడ నెక్కి ఇంగ్లండుననే యమ్మకమునకు బోయినది. కొన్నవాడు అమ్మువా డగుటకు ఇరువది రెండేండ్లు పట్టినది. ఈ ఇరువది రెండేండ్లు మన కార్మికునకు దొరకినది సుంకపు గోడ చాటుననే.

ఇట్టి యుదాహరణ మిది యొక్కటియే గాదు. చెకోస్లొవాకియా దేశపు జావా బండి 1961 మొదలు మైసూరున తయారయ్యెను. బజాజువారు 2007లో ఆస్ట్రియా దేశపు కేటీఎం సంస్థలో వాటా కొని, ఆ సంస్థవారి చిన్న యింజను బండ్లను పూనా సమీపమునందలి చాకణులో జేసి యితర దేశములకు బంపిరి. 2020లో టీవీఎస్‌వారు ఇంగ్లండునందలి నార్టన్ సంస్థనే కొనిరి. హార్లే-డేవిడ్సన్ పేర 2023లో వెలువడిన ఎక్స్ 440 బండి హీరోవారి చేతిమీదుగా భారతదేశముననే తయారైనది. ఆ హీరోవారి కర్మాగార మొకటి మన సత్యవేడు ప్రాంతముననే యున్నది. పూర్తిగా తయారైన విదేశపు బండి చౌకగా వచ్చి రేవున దిగుచున్నచో, ఇచ్చట కర్మాగారము పెట్టుట కెవ్వరు ముందుకు వచ్చియుందురు? 

ఐతే సుంకము న్యాయమనగా ప్రభుత్వము విధించిన ప్రతి యంకెయు న్యాయమని యర్థము గాదు. 2025 బడ్జెటున పూర్తిగా విడదీసి తెచ్చిన బండిపై 10 శాతము, కొంత కూర్చి తెచ్చినదానిపై 20 శాతము, సిద్ధముగా దెచ్చినదానిపై 40 శాతము సుంకము నిర్ణయించిరి. ఈ మెట్లు సమంజసమైనవే. పని యెంత యిచ్చట జరిగిన సుంక మంత తగ్గుట న్యాయము. కాని 1,600 సి.సి. దాటిన బండి సిద్ధముగా వచ్చినను 30 శాతమే యనిరి. మిక్కిలి పెద్ద బండి నెక్కు మిక్కిలి ధనికునకు తక్కువ సుంకము, అతనికంటె చిన్నబండి నెక్కువానికి ఎక్కువ సుంకము! ఈ తారతమ్యమునకు ఆర్థికశాస్త్రమున గాక రాజకీయమున గారణము వెదకవలయును. 2007లో మన మామిడిపండ్లను అమెరికావారు రానిచ్చుటయు, వారి పెద్ద మోటారుసైకిళ్లను మనము రానిచ్చుటయు నొక్కసారియే జరిగెను. 2018లో మన సుంకమును గూర్చి అమెరికా అధ్యక్షుడు బహిరంగముగా నిష్ఠురము లాడగా, 75, 60 శాతములుగా నున్న సుంకము 50కి దిగెను. మామిడితోటల యజమానులు మా పాఠకులలో ననేకు లున్నారు. తమ పండునకు పరదేశపు వాకిలి తెఱచుట వారికి హితమే, మాకును సంతోషమే. కాని బేరమాడునప్పుడు పండునకు పండు, యంత్రమునకు విద్య యడుగవలయును గాని, బెదిరింపునకు సుంకము దింపరాదు.

ఇక రెండవ ప్రశ్న. వాడిన బండిని విదేశమునుండి తేగోరువాడు ముందుగా దెలిసికొనవలసిన నిబంధనలు కొన్ని కలవు. ఆ బండి తయారై మూడేండ్లు దాటియుండరాదు. దిగిననాటి నుండి కనీస మైదేండ్లు రోడ్డున నడువదగిన స్థితిలో నుండవలెను. అది బొంబాయి రేవుననే దిగవలెను. విశాఖపట్టణమున గొప్ప రేవుండియు మనవాడు దానికై పడమటి తీరమునకు బోవలసినదే. వేగమును జూపు మీటరు కిలోమీటర్లలో జూపవలెను. ముందు దీపపు వెలుగు ఎడమప్రక్కగా సాగు రాకపోకల కనువుగా బడవలెను. అమెరికాలో బండ్లు కుడిప్రక్కగా సాగును. వేగమును మైళ్లలో లెక్కింతురు. కావున నచ్చట కొన్న బండి మార్పులు లేక యీ రెండు నిబంధనలను దాటుట కష్టము. ఇవిగాక 2020 ఏప్రిలు 1 నుండి మన దేశమున క్రొత్త బండ్లకు బీఎస్-6 అను పొగ పరిమితి నిర్బంధమైనది. క్రొత్త నమూనాలను పూనాయందలి ఏఆర్ఏఐ వంటి సంస్థలు పరీక్షింపవలెను. 2018లో నీ పరీక్షనుండి పరిమిత సంఖ్యకు మినహాయింపు నిచ్చిరి గాని, అది తయారీదారులకును వారి ప్రతినిధులకును ఉద్దేశించినదే గాని యొంటరి గృహస్థునకు గాదు.

ఈ నిబంధనలలో పెక్కింటికి గారణము కలదు. ఇతర దేశముల తుక్కునకు మన దేశము దిబ్బ గారాదు. ఎదుటివాని కన్నులు చెదరగొట్టు దీపము రాత్రివేళ ప్రాణములు తీయును. మా యాక్షేపణ నిబంధనలపై గాదు. అవి యుండు తీరుపై. కొన్ని విదేశవాణిజ్యశాఖ ప్రకటనలలో నున్నవి. కొన్ని కస్టమ్సు ప్రకటనలలో. కొన్ని 1988 నాటి మోటారు వాహనముల చట్టములోను, 1989 నాటి నియమములలోను. అన్నియు నాంగ్లమున. ఒక శాఖ విధించినదానిని రెండవ శాఖ గుమాస్తా యెఱుగడు. సుంకము చెల్లించి, బిల్లు ఆఫ్ ఎంట్రీ చేతబట్టుకొని మన యూరి రవాణా కచేరికి వచ్చినవానిని, ఈ కాగితము నిజమైనదేనా యని యచ్చటి యధికారి సందేహించును. సందేహించుట యతని ధర్మమే. కాని యా సందేహము దీర్చుటకై రేవునకు వ్రాసిన లేఖకు ప్రత్యుత్తరము వచ్చుటకు కాలనియమము లేనిచో, ఇరువది లక్షలు వెచ్చించిన బండి పందిరి క్రింద తుప్పు పట్టుచుండును. నమోదు లేక రోడ్డెక్కించుట చట్టవిరుద్ధము; చట్టమునకు లోబడినవానికే శిక్ష.

ఈ చిక్కువలన లాభపడువా రెవరు? ప్రభుత్వము గాదు. దళారియు, దొంగయును. ఇంజను నొక పెట్టెలో, చట్రము నింకొక పెట్టెలో విడిభాగములని చెప్పి తెచ్చి యిచ్చట గూర్చుటయు, తుక్కైన పాతబండి సంఖ్యను క్రొత్తదానిపై జెక్కుటయు, దూరపు రాష్ట్రమున నమోదు చేయించి యిచ్చటికి దెచ్చుటయు ఈ వ్యాపారములోని యెత్తులు. 2025 సెప్టెంబరులో కేరళమున కస్టమ్సువారు భూటానునుండి దొంగదారిని వచ్చిన విలాసపు కార్లకై సోదాలు జరిపినప్పుడు, నకిలీ పత్రములతో నమోదైన వాహనములు బయటపడిన వని తెలిపిరి. కార్లకు జరిగినది మోటారుసైకిళ్లకు జరుగదని నమ్ముట కాధారము లేదు. ఋజుమార్గము పండ్రెండు వాకిళ్లుగాను, వక్రమార్గ మొక్క వాకిలిగాను ఉన్నచోట జనులెట్లు పోవుదురో చెప్పనేల?

“ధనికుల వేడుకకై కన్నీరు కార్చుటేల? దేశమున వేఱు కష్టములు లేవా?” యని కొంద రడుగవచ్చును. ప్రశ్న సరియైనదే. కాని చిక్కులు ధనికునకు తగులుట యరుదు. అతడు డబ్బిచ్చి యొకనిని బెట్టుకొనును. పదేండ్లు పరదేశమున గష్టించి, తిరిగివచ్చుచు తన బండిని దెచ్చుకొన్న పనివాడే కచేరి మెట్లపై గూర్చుండును. మఱియు, మోటారుసైకిలు పత్రము నిజమో కాదో నిర్ణయింపజాలని యంత్రాంగము రేపు పొలము దున్ను యంత్రము విషయమునను, వైద్యశాలకు వచ్చు పరికరము విషయమునను నట్లే ప్రవర్తించును. సుంకము దేశమునకు జెందిన ధనము. చిక్కువలన పోవు కాలము ఎవరికిని జెందదు, నష్టమే మిగులును.

స్పష్టత యసాధ్య మనుటకు వీలులేదు. 2021లో ఏబదియేండ్లు దాటిన పురాతన వాహనములకు కేంద్ర ప్రభుత్వము ప్రత్యేక నియమములు చేసెను. రుసుము ఇరువది వేలు. సంఖ్యలో వీఏ యను గుర్తు. దిగుమతియైన దైనచో బిల్లు ఆఫ్ ఎంట్రీ జతపఱుపవలెను. అరువది దినములలో ధ్రువపత్ర మీయవలెను. ఆ పత్రము పదేండ్లు చెల్లును. నిత్యపు రాకపోకలకు మాత్రము వాడరాదు. చదివినవాని కొక్క పుటలో సర్వము బోధపడును. తాతల నాటి బండికి జూపిన యీ దయ, నేటి బండికి జూపరాదా?

కావున మా కోరికలు మూడు. విదేశపు వాహనములకు సంబంధించిన నిబంధనలన్నిటిని ఒక్కచో జేర్చి, తెలుగున ముద్రించి, ఉభయ రాష్ట్రముల రవాణా కచేరులలో వ్రేలాడదీయవలెను. కస్టమ్సువారు బిల్లు నిచ్చిననాడే ఇంజను, చాసిస్ సంఖ్యలు రవాణాశాఖ పుస్తకములలో గనబడవలెను. కొనగోరువాడును వానిని స్వయముగా సరిచూచుకొనుటకు వీలుండవలెను. సందేహము గలిగినచో విచారణ కొక గడువు పెట్టి, ఆ గడువులో గారణము జెప్పలేని యధికారి నమోదు చేయవలెను. ఈ మూటికి ఖజానానుండి పెద్ద మొత్తమేమియు నక్కఱలేదు.

పాఠకులకు నొక హెచ్చరిక. మీ పట్టణమున నెవ్వడైనను విదేశపు బండిని సగము ధర కిత్తునని వచ్చినచో, బండిని జూచుటకు ముందు బిల్లు ఆఫ్ ఎంట్రీని జూడుడు. దానిపై నున్న సంఖ్యలను ఇంజనుమీది సంఖ్యలతో సరిపోల్చుడు. సుంకము చెల్లింపని సరకు ఎవరి చేతనున్నను జప్తు చేయుటకు 1962 నాటి కస్టమ్సు చట్టము వీలు కల్పించినది. అమ్మినవాడు పోవును, బండియు బోవును, ధనమును బోవును. విదేశపు బండి కావలెనన్న సంపూర్ణముగా సుంకము చెల్లించి తెప్పించుకొనుడు. చెల్లించినవానికి దారి విడువుమని ప్రభుత్వమును మాతో గలసి యడుగుడు. ఇచ్చట చేసినది తమకు చాలునను పాఠకులు, ఒకనాడు రెడిచ్ నుండి వచ్చిన బండియే నేడు తిరువొత్తియూరు బండిగా లోకమున దిరుగుచున్నదని తలచి గర్వింతురుగాక.